బడిగంట మ్రోగుటకు ముందు

రోహిణి కార్తె వెళ్ళి మృగశిర ప్రవేశించు దినములు. రోళ్ళు పగులునన్న ఎండలు కొంచెము తగ్గుముఖము పట్టును. పడమటి దిక్కున మొదటి మబ్బుతునకలు తొంగి చూచును. పెరటి మామిడి చిటారుకొమ్మన మిగిలిన నాలుగు కాయలు తప్ప తక్కినవన్నియు ఆవకాయ జాడీలలోనికో, పిల్లల కడుపులలోనికో చేరిపోయి యుండును. అమ్మమ్మగారి యింటి అరుగుమీద సుద్దతో గీచిన అష్టాచెమ్మా గళ్ళు సగము చెరగి యుండును. ఇంతలో పెద్దవారెవ్వరో గోడమీది కాలెండరు వైపు చూచి, "ఇంక బడి తెరవటానికి వారం రోజులే గదా!" అందురు.

ఆ మాట చెవిని బడగానే ఆటలో నున్న పిల్లవాని గుప్పిటిలోని గవ్వలు గలగలలాడుట మానును. ఒక్క క్షణము మాత్రమే. మరల ఆట సాగును. కాని ఆ క్షణమునకు ముందున్న ఆటకును, తరువాతి ఆటకును రుచి ఒక్కటి కాదు.

అదే సాయంకాలము మరియొక యింట, ఆ పిల్లవానికి పాఠము చెప్పు మాష్టారు పడకకుర్చీలో కూర్చుండి పత్రిక చదువుచుండును. కన్నులు అక్షరముల మీద నున్నను మనస్సు అచ్చట లేదు. "ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది" అని ఇల్లాలు హెచ్చరించువరకు ఎదుటనున్న కప్పు ఆయనకు కానరాదు. కొత్త తరగతి, వ్రాయవలసిన రికార్డులు, ఉన్న యిద్దరిలో ఒకరు బదిలీయై పోయిన బడి, రాబోవు తనిఖీ, ఇవన్నియు ఆయన ఆలోచనలో నున్నవి. వీని యన్నిటికిని అడుగున మరియొకటి కలదు. దానిని ఆయన ఇల్లాలితో గూడ చెప్పలేదు. మార్చి నెలలో ఒకనాడు ఒక పిల్లవాడు భిన్నముల లెక్క చేయలేక నల్లబల్ల యెదుట నిలబడిపోగా, విసుగులో ఆయన నోటినుండి ఒక మాట జారినది: "నీకు చదువెందుకురా, పోయి గేదెలు కాచుకో!" తరగతి యంతయు నవ్వినది. పిల్లవాడు తల యెత్తలేదు. ఆ తరువాత పరీక్షలు వచ్చినవి, సెలవులు వచ్చినవి. మాట మాత్రము ఎక్కడికిని పోలేదు.

గవ్వలు పట్టుకొన్న పిల్లవాడు వాడే.

ఇది ఏ యొక్క ఊరి కథయు కాదు. ఏ ఊర నైనను, ఏ సంవత్సరమైనను జరుగుటకు వీలున్నదే. బడి గడపకు ఈవల నొకరు, ఆవల నొకరు నిలిచి ఒకరిని తలచుకొని యొకరు వెరచుచుందురు. పిల్లవాడు మాష్టారికి భయ మనునది యుండునని ఊహింపజాలడు. మాష్టారు తన భయమును పిల్లలకు తెలియనీయడు. ఈ రెండు భయములును కలిసి ఒక తలుపును నెట్టవలసిన దినమునకే బడి తెరచు దినమని పేరు.

ఏడు వారముల యెడబాటు

తెలుగువారి రెండు రాష్ట్రములందును పాఠశాలలు ఏప్రిల్ నాలుగవ వారమున మూసి, జూన్ రెండవ వారమున తెరచుట వాడుక. ఇటీవలి సంవత్సరములలో తరచుగా జూన్ 12వ తేదీ అందుకు నిర్ణయమగుచున్నది. అనగా ఇంచుమించు ఏడు వారముల విరామము. ఈ ఏడు వారములలో పిల్లవాని శరీరము వేరొక కాలపట్టికకు అలవాటుపడును. రాత్రి డాబామీద చుక్కలు లెక్కించుచు ఆలస్యముగా నిద్రించును. పొద్దెక్కిన పిమ్మట లేచును. వ్రేళ్ళు కలము పట్టుట మరచును. ఒక్కచోట నలుబది నిమిషములు కూర్చుండుట మరచును. ఉపాధ్యాయునికి గూడ గొంతు విశ్రాంతికి అలవాటుపడును. పనిలో నున్న మనుష్యుడు పనిని మోయుచున్నట్లు తెలియకయే మోయును. దానిని ఒకసారి దించి ప్రక్కన పెట్టినపుడే బరువు తెలియును. మరల ఎత్తుకొనుటకు వంగినపుడు నడుము జంకును. ఆ జంకు సోమరితనము కాదు. అది బరువు తెలిసినవాని జంకు.

సెలవు ఎంత దీర్ఘమైనచో ఈ జంకు అంత పెరుగునని ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2వ తేదీన 9, 10 తరగతులును, తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1వ తేదీన 9వ తరగతి మొదలు పై తరగతులును తిరిగి ప్రారంభమైనవి. చిన్న తరగతుల పిల్లలు ఇంకను ఎక్కువ కాలము ఇంటనే యుండిరి. బడి తెరువలేదని విసుగుకొన్న పిల్లలే తెరచిన నాడు గేటువద్ద వెనుదీయుట చూచి తల్లిదండ్రులు ఆశ్చర్యపడిరి. కోరుకొన్న దానిని జూచి భయపడుట వింతగా దోచును గాని, మనస్సుయొక్క తీరు తెలిసినవారికి అది వింత కాదు.

బెంగ యను మాట

తెలుగుభాష ఈ స్థితిని బాగుగ నెరుగును. ఎదుట పాము కనబడినపుడు కలుగునది భయము. క్రొత్తవారి యెదుట నోరు పెగలనీయనిది బెరుకు. చేయవలసిన పనికి కాలు ముందునకు సాగనీయనిది జంకు. కారణము చెప్పలేకయే గుండెమీద బరువుగా కూర్చుండునది దిగులు. బెంగ వీనిలో నెల్ల మెత్తనిది, లోతైనది. విడిచివచ్చిన దానిమీది ప్రేమయు, పోవలసిన చోటిమీది భయమును రెండును అందు కలిసి యుండును. "పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడు" అని తల్లి చెప్పినపుడు అందులో నింద లేదు. బెంగతో జ్వరము వచ్చునని పల్లెటూరి ముసలమ్మకు గూడ తెలియును. మనస్సునకు కలిగినది శరీరమునకు సోకుట మన యిండ్లలో క్రొత్త శాస్త్రము కాదు.

హాస్టలు పిల్లలను చూచినచో బెంగ యననేమో ఇంకను స్పష్టముగా తెలియును. అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో 1971లో గురుకుల పాఠశాల ఆరంభమైన నాటినుండి వేలకొలది పల్లెపిల్లలకు చదువు దారి చూపిన గురుకులములు తెలుగునాట విస్తరించినవి. జూన్‌లో బస్సు స్టాండ్లలో ఆ పిల్లలను గుర్తుపట్టుట సులభము. ట్రంకుపెట్టెయో, జిప్పు సరిగా పడని సంచియో ప్రక్కన నుండును. అందులో సున్నుండల డబ్బా, పచ్చడి సీసా. తండ్రి కిటికీవద్ద నిలిచి "జాగ్రత్తరా" అని మూడవసారి చెప్పును. పిల్లవాడు తల యూపును గాని తండ్రి ముఖము వైపు చూడడు. చూచినచో కన్నీరు ఆగదని వానికి తెలియును. ఆ పిల్లవానికి చదువు మీద అయిష్టము లేదు. ఉన్నదెల్ల బెంగ.

కడుపునొప్పి అబద్ధమా?

బడి తెరచు ఉదయమున ఎన్నియో ఇండ్లలో కడుపునొప్పులు మొదలగును. పెద్దలు "దొంగ నొప్పి" యందురు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ ఈ విషయమున పిల్లల పక్షమున సాక్ష్యము చెప్పినాడు. ఎక్సు కిరణములు క్రొత్తగా కనుగొనబడిన దినములలో ఆయన పిల్లులకు ఆహారము పెట్టి వాని జీర్ణకోశపు కదలికలను పరిశీలించుచుండెను. పిల్లి బెదరినపుడు ఆ కదలికలు ఆగిపోవుట ఆయన కంటబడెను. తదుపరి పరిశోధనలను చేర్చి 1915లో ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. ప్రాణికి ఆపద తోచినపుడు మూత్రపిండముల మీదనున్న గ్రంథులు ఎడ్రినలిన్ అను రసమును నెత్తురులోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును. నెత్తురులో చక్కెర పెరుగును. జీర్ణకోశమునకు పోవు నెత్తురు తగ్గి కండరములకు మరలును. పోరాడుటకో, పారిపోవుటకో శరీరము సిద్ధమగును.

అడవిలో పులి యెదురైనపుడు ఈ యేర్పాటు ప్రాణము నిలుపును. కాని శరీరమునకు పులికిని, ఏడవ తరగతి గణితమునకును భేదము తెలియదు. పారిపోవుటకు సిద్ధమైన దేహముతో పిల్లవాడు ఇడ్లీ పళ్ళెము ముందు కూర్చుండును. కడుపులో త్రిప్పినట్లగుట అబద్ధము కాదు. నొప్పి నిజము, నొప్పికి కారణము మాత్రము కడుపులో లేదు. ఈ సంగతి తెలిసిన తల్లి పిల్లవానిని కసరదు. బడి మానిపింపను మానిపింపదు.

కలవరము కొంచెముండుట మేలే యని గూడ శాస్త్రము చెప్పుచున్నది. 1908లో యర్క్స్, డాడ్సన్ అను ఇరువురు అమెరికా పరిశోధకులు చుంచెలుకలకు తెల్లని పెట్టెను, నల్లని పెట్టెను గుర్తించుట నేర్పిరి. తప్పు చేసినపుడు స్వల్పముగా విద్యుత్తు తగులునట్లు చేసిరి. పని సులభమైనపుడు తాకిడి హెచ్చినకొలది ఎలుకలు త్వరగా నేర్చెను. పని కఠినమైనపుడు మాత్రము తాకిడి మితముగా నున్నపుడే బాగుగ నేర్చెను. మితిమీరినపుడు నేర్పు మందగించెను. వీణతంత్రి వదులైనచో పలుకదు, మితిమీరి బిగించినచో తెగును. బడి తెరచు నాడు ఏ మాత్రము గుండె కొట్టుకొనని ఉపాధ్యాయుడు పాఠమును తేలికగా తీసికొనుచున్నాడేమో చూచుకొనవలెను. గుండెదడతో నోరు పెగలనివాడు తంత్రిని కొంచెము వదులు చేసికొనవలెను. కఠినమైన పాఠమునకు బెదిరింపును జోడించు పంతులు ఆ చుంచెలుకలను ఒక్కసారి తలచుకొనుట మంచిది.

మరచిపోయినది పోయినది కాదు

విద్యార్థుల బెంగలో పెద్దభాగము "అంతా మరచిపోయాను" అనుటయే. పుస్తకము తెరచి చూడగా ఏప్రిల్‌లో కంఠస్థమైన సూత్రములు ముఖము చాటువేయును. ఇక్కడ జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ కష్టపడి సంపాదించిన ఒక సత్యము ఊరట నిచ్చును. ఆయన అర్థము లేని అక్షరముల వరుసలను కూర్చి, తానే కంఠస్థము చేసి, గంట తరువాతను, దినము తరువాతను, నెల తరువాతను మరల నేర్చుకొనుచు ఎంత శ్రమ తగ్గునో కొలిచెను. ఫలితములను 1885లో ప్రకటించెను. నేర్చిన గంటలోనే సగమునకు పైగా జారిపోవునని తేలినది. ఇది చెడ్డవార్త. మంచివార్త యేమనగా, నెల గడచిన పిమ్మట గూడ మరల నేర్చుకొనుటకు పట్టు శ్రమలో ఇంచుమించు ఐదవవంతు మిగులుచుండెను. పూర్తిగ పోయినదనుకొన్నది పూర్తిగ పోలేదు.

అది యైనను అర్థము లేని అక్షరముల సంగతి. అర్థము గల పద్యమును నేర్చుటకు ఆయనకు అందులో పదవవంతు శ్రమ మాత్రమే పట్టెను. ఎండకు నెర్రెలు విచ్చిన చెరువు చచ్చిన చెరువు కాదు. ఒక్క వాన పడినచో నీరు ఏ దారిన పారవలెనో ఆ మట్టికి తెలియును. కావున సెలవుల చివరి వారమున విద్యార్థి చేయవలసినది క్రొత్త పుస్తకమును చూచి బెదరుట కాదు. పాత పుస్తకములో తనకు బాగుగ వచ్చిన పాఠమును తెరచుట. వచ్చినదానితో మొదలుపెట్టిన చేయి రానిదానిని తాకుటకు వెరవదు.

గురువులకును తప్పలేదు

ఉపాధ్యాయుడు తన బెరుకును జూచి తానే సిగ్గుపడును. "ఇన్నేండ్ల అనుభవముండి ఇదేమి?" అనుకొనును. నోరు పెగలకపోవుట గొప్పవారికి గూడ తప్పలేదు. గాంధీమహాత్ముడు బారిస్టరై ఇంగ్లండునుండి తిరిగి వచ్చిన తరువాత బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తన మొదటి కేసు చేపట్టెను. సాక్షిని ప్రశ్నింపవలసిన వేళకు లేచి నిలువగా గుండె దిగజారి, తల తిరిగి, ఒక్క ప్రశ్నయు తోచక కూర్చుండిపోయెను. తీసికొన్న ముప్పది రూపాయల ఫీజు తిరిగి యిచ్చివేసెను. ఈ సంగతి నాయన తన ఆత్మకథలో దాచక వ్రాసినాడు. అటు పిమ్మట నెలకు డెబ్బదియైదు రూపాయల జీతముపై దినమున కొక గంట ఇంగ్లీషు బోధించు ఉపాధ్యాయ పదవికి దరఖాస్తు పెట్టుకొనగా, పట్టభద్రుడు కాడని దానిని ఒక ఉన్నతపాఠశాల త్రోసిపుచ్చెను. ఆనాడు గొంతు పెగలనివాని మాట పిమ్మట దేశమంతయు వినినది. బెరుకు అసమర్థతకు గుర్తు కాదు.

ఉపాధ్యాయుని ఆందోళనలో మరియొక పొర కలదు. సెలవులు ముగిసిన మూడుదినములకే అలసట తిరిగి వచ్చినట్లు తోచును. "ఇన్ని దినముల విశ్రాంతియు వ్యర్థమైనదా?" యని దిగులు. ఇజ్రాయేలు పరిశోధకులు వెస్ట్‌మన్, ఈడెన్ 1997లో 76 మంది గుమాస్తాల విషయమున ఇదే కనుగొనిరి. సెలవులో తగ్గిన అలసట పనిలో చేరిన మూడుదినములకే కొంత తిరిగి వచ్చెను. మూడువారములకు మునుపటి స్థితికే చేరెను. అనగా ఒక్క పెద్ద సెలవు సంవత్సరమంతటికి సరిపోవు ధాన్యపుగాదె కాదు. విశ్రాంతి ఏనాటి కానాడు వండుకొనవలసిన అన్నము.

ప్రాచీనులు దీనిని ఎరిగియే కాబోలు అనధ్యయన దినములను నెలపొడుగునను వెదచల్లిరి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య, ఇవి చదువు కూడని దినములు. కృశించిన సీతను వాల్మీకి సుందరకాండలో పాడ్యమినాడు చదువువాని విద్యతో పోల్చినాడు. విశ్రమింపవలసిన నాడు విశ్రమింపక చదివిన చదువు చిక్కిపోవునని భావము. నేటి ఉపాధ్యాయుడు గూడ వారమున ఒక్క సాయంకాలమైనను దిద్దవలసిన పుస్తకములకు అనధ్యయనము ప్రకటించుకొనినచో, జూన్ మాసము అంత క్రూరముగా దోపదు.

కుందేలు చెప్పిన పాఠము

భయమునకు మందేది? తప్పించుకొనుట మాత్రము కాదు. నేడు కడుపునొప్పియని బడి మాన్పించినచో నొప్పి తొమ్మిది గంటలకే మాయమగును. భయము లోపల నుండి, "చూచితివా, పోకపోవుటచే బ్రతికితివి" అని పాఠము చెప్పును. మరునాడు గడప ఇంకొక జానెడు ఎత్తు పెరుగును. తప్పించుకొన్నకొలది భయము బలియును. బలవంతముగా ఈడ్చి త్రోయుట గూడ మందు కాదు.

1924లో మేరీ కవర్ జోన్స్ అను అమెరికా మనస్తత్త్వవేత్త మధ్యమార్గమును చూపినది. పీటరను చిన్నపిల్లవానికి కుందేలన్న మితిమీరిన భయము. ఆమె వాడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా పంజరములోనున్న కుందేలును దూరమున పెట్టించినది. దినదినమును కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చినది. తుదకు వాడు ఆ కుందేలును చేతితో నిమిరినాడు. భయపడు వస్తువును కొంచెము కొంచెముగ, ఇష్టమైన దానితో కలిపి, దగ్గరకు తెచ్చుట, అదియే మందు. నేటి చికిత్సలలో గూడ ఈ సూత్రమునకు ముఖ్యస్థానము కలదు.

ఇంటియందు దీనిని ఆచరించుట సులభము. బడి తెరచుటకు పదిదినముల ముందునుండి దినమునకు పదునైదు నిమిషముల చొప్పున నిద్రవేళను వెనుకకు జరుపవలెను. లేచిన వెంటనే ఆరుబయటి వెలుతురులోనికి పోవలెను. శరీరములోని గడియారపు మర్మమును విప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురికి 2017లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ఆ గడియారమును సరిదిద్దు మొదటి చేయి వెలుతురే. పుస్తకములకు అట్టలు వేయుట ఒకనాటి పని. మిత్రునితో కలిసి బడిదాక నడచి వచ్చుట మరియొకనాటి పని. ఉపాధ్యాయుడు సంవత్సరమంతటి పాఠప్రణాళికను ఒక్క రాత్రి తల కెత్తుకొనక, మొదటి మూడు దినముల పాఠములు మాత్రము చక్కగ సిద్ధము చేసికొనవలెను. మనస్సును వేధించు సంగతులను కాగితముమీద వ్రాసి, చేతిలో నున్నవి ఒక ప్రక్కను, చేతిలో లేనివి మరియొక ప్రక్కను ఉంచినచో, మొదటి జాబితా అనుకొన్నంత పొడవు లేదని తేలును.

మొదటి దినము

మొదటి దినమున చేయదగినవి కొన్ని, చేయరానివి కొన్ని కలవు. పరీక్ష పెట్టరాదు. గత సంవత్సరపు మార్కులు చదువరాదు. పేరు పెట్టి పిలువవలెను. తన పేరు గురువునకు జ్ఞప్తి యున్నదన్న ఒక్క సంగతియే పిల్లవానికి సగము బెంగ తీర్చును. మొదటి వారము పాత పాఠముల నెమరువేతకు విడువవలెను.

"సెలవులలో నేనేమి చేసితిని" అను వ్యాసము అనాదిగా వచ్చుచున్న ఆచారము. దానిని గూర్చి ఒకసారి ఆలోచింపవలసి యున్నది. ఒక పిల్లవాడు ఊటీ పోయినట్లు వ్రాయును. వాని ప్రక్క పిల్లవాడు ఏప్రిల్, మే నెలలలో తల్లిదండ్రులతో అడవికి పోయి తునికాకు కోసి కట్టలు కట్టినాడు. మరియొక బాలిక తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టినది. వారేమి వ్రాయుదురు? ఖాళీ కాగితము ముందు కలము కొరుకుచు కూర్చుందురు. లేదా చూడని ఊటీని కల్పింతురు. దానికి బదులు "సెలవులలో నీవు నేర్చిన ఒక పనిని తక్కినవారికి నేర్పుము" అనినచో, తునికాకు కట్టకు ఎన్ని ఆకులో చెప్పు పిల్లవాడు ఆనాటికి గురువగును. లెక్కల పాఠము అచ్చటనే మొదలగును.

ఎపుడు వైద్యునికి చెప్పవలెను?

సాధారణమైన బెంగ మొదటి వారమునకో, రెండవ వారమునకో కరగిపోవును. కరగనిది వేరు. 1941లోనే అమెరికా వైద్యులు కొందరు బడికి పోజాలని పిల్లలను పరిశీలించి, భయము బడిని గూర్చినదిగా కనబడినను చాలమందిలో దాని వేరు తల్లిని విడిచి పోజాలని కలవరమున నున్నదని వ్రాసిరి. బడిలో కొట్టుట, ఎగతాళి, ఇంటిలో కలహము, చదువులో గుర్తింపబడని లోపము, ఇట్టివి గూడ కారణములు కావచ్చును. వారములు గడచినను నిద్రాహారములు కుదుటపడనిచో, పిల్లవాడు కాని పెద్దవాడు కాని పనికి పోజాలనిచో, బ్రతుకు మీదనే విసుగు మాటలు వినబడినచో ఆలస్యము చేయరాదు. వైద్యుని సలహా పొందవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఫోను చేయవచ్చును. జ్వరమునకు మందు పుచ్చుకొనుటకు సిగ్గుపడనివారు దీనికి మాత్రము సిగ్గుపడ నేల?

గంట మ్రోగినది

ఇక ఆ మాష్టారి సంగతి. జూన్ ఆరంభమున ఉపాధ్యాయులు బడియీడు పిల్లల కొరకు ఇల్లిల్లు తిరుగుట తెలుగునాట వాడుక. తెలంగాణలో దానికి బడిబాట యని పేరు. అట్లు తిరుగుచు ఆయన ఆ పిల్లవాని వాకిటికి గూడ పోవలసి వచ్చినది. రెండు గుమ్మములు దాటి ముందునకు పోయి, మరల వెనుదిరిగి వచ్చినాడు. తల్లి పీట వేసినది. "వాడికి రెండు రోజులుగా కడుపునొప్పండీ మాష్టారూ. బడి అంటే చాలు..." అని ఆగినది. పిల్లవాడు తలుపు వెనుక నున్నాడు. పాదములు మాత్రము కనబడుచున్నవి.

మాష్టారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట ఆ పాదములతోనే చెప్పినట్లు మెల్లగా ననినాడు: "ఒరే, ఆ రోజు నేనన్న మాట తప్పు. నీకు భిన్నాలు రాకపోవటం నీ తప్పు కాదు, నేను సరిగా చెప్పలేదు. రేపు బడిలో మొక్కలకు నీళ్ళు పోయాలి. పాఠం లేదు. వస్తావా?"

జవాబు రాలేదు. కాని మరునాడు ప్రొద్దుట బోరింగువద్ద ఒక పిల్లవాడు బకెట్టు నింపుచుండుట ఆయన చూచినాడు. అది మొదటి మెట్టు. రెండవనాడు వాడే బల్లలు తుడిచినాడు. మూడవనాడు బడి తెరచిరి. పిల్లలందరు బారులు తీరి నిలిచిరి. గంట కొట్టవలసిన సుత్తిని మాష్టారు ఆ పిల్లవాని చేతి కిచ్చినాడు.

సుత్తి అందుకొన్న చేయి కొంచెము వణకినది. అందించిన చేయి గూడ వణకుచునే యున్నది. ఆ సంగతి ఇద్దరికిని తెలిసినది. వాడు గంట కొట్టినాడు.